మాస్టారి నడుము, శిష్యుడి స్టీరింగు

అరకు నుంచి విశాఖపట్నం సుమారు 115 కిలోమీటర్లు. సుంకరమెట్ట, గాలికొండ, అనంతగిరి, డముకు, టైడ దాటి బొడ్డవర దగ్గర మైదానంలో పడేదాకా రోడ్డు తిన్నగా ఉన్న జాగా కోసం వెతుక్కోవాలి. ఆ ఘాట్ దిగుతూ జరిగిన వాదన ఇది. మాస్టారికి యాభై దాటాయి. డుంబ్రిగూడ మండలంలో ఒక ఆశ్రమ పాఠశాలలో లెక్కలు చెబుతారు. కొన్నేళ్లుగా నడుం నొప్పి, ఈమధ్య ఎడమ కాలిలోకి కూడా దిగింది. ఇన్నాళ్లూ ఎక్కువగా మోటారు సైకిలు మీదే తిరిగిన మనిషి, ఇక నావల్ల కాదని కారు కొనడానికి సిద్ధపడ్డారు. విశాఖలో డాక్టరుకి చూపించుకుని, అటునుంచటే షోరూముకి వెళ్లి బుకింగ్ డబ్బు కట్టాలని ఆయన పథకం. బండి నడుపుతున్నవాడు ఆయన శిష్యుడే. ఎనిమిదో తరగతిలో బడి మానేసి, జీపు క్లీనరుగా మొదలై, సంతలకి షేరు జీపులు తోలి, ఇప్పుడు టూరిస్టులకి ఇన్నోవా తిప్పుతున్నాడు. నడుం నొప్పిలో మాత్రం మాస్టారికి సీనియరు. నేను వెనక సీట్లో ఉన్నాను. నా అభిప్రాయం ఇద్దరిలో ఎవరూ అడగలేదు కనక మధ్యమధ్య ఇక్కడే చెప్పుకుంటాను.

మాస్టారు: నేను తేల్చేసుకున్నానురా. పెద్ద బండే. ఎత్తుగా, బరువుగా, పెద్ద చక్రాలతో ఉండాలి. గోతిలో పడితే గోతికే నొప్పి పుట్టాలి.

డ్రైవరు: గోతికేటి మాస్టారూ, దాని మానాన అది ఉంటాది. నొప్పి మీకే వస్తాది. బండి బరువు చూసి నడుం భయపడదు.

మాస్టారు: బరువైన బండి తక్కువ ఎగురుతుంది. ఇది భౌతికశాస్త్రం. చిన్నప్పుడు చెప్పలేదూ?

డ్రైవరు: మీరు లెక్కలు చెప్పారు. సైన్సు వేరే మాస్టారు. నాకు తెలిసింది చెప్తాను వినండి. ఛాసిస్ మీద బాడీ ఎక్కించిన ఎత్తు బండి ఉందనుకోండి. ఒకపక్క చక్రం గోతిలో బెత్తెడు దిగితే పైన మీ తల జానెడు ఊగుతాది. ఊగిన తలని నిలబెట్టీ పని ఎవరిది? నడుందే. పైకి ఎగిరి పడిన దెబ్బ అప్పుడే తెలుస్తాది, అబ్బా అంటాం. పక్కలకి ఊగిన దెబ్బ అప్పుడు తెలీదు. రాత్రి మంచమెక్కాక తెలుస్తాది.

మాస్టారు: మరి ఊళ్లలోకి ఎలా వెళ్లను? బడి మానేసిన పిల్లాణ్ణి వెతుక్కుంటూ వెళ్లాలంటే అడుగున బండ తగలని కారు కావాలి. నీ ఇంటికి కూడా అలా వచ్చినవాణ్ణే.

డ్రైవరు: వచ్చారు, నడిచొచ్చారు. అప్పుడు మీ నడుం బాగుంది. ఇప్పుడు ఎప్పుడో ఒకసారి ఎల్లీ ఊరి కోసం రోజూ ఎక్కి దిగీ బండిని కష్టం చేసుకుంటారా? ఆ రోజుకి మా కుర్రోళ్ల జీపు మాట్లాడుకోండి. మిగతా రోజులన్నీ మీరు తిరిగీది అరకు నుంచి డుంబ్రిగూడ, తారు రోడ్డే కదా.

మాస్టారు: ఆ జీపుల్లో కూర్చోమంటున్నావా? వాటిల్లో కూర్చునే నా నడుం ఇలా అయింది.

డ్రైవరు: అది వెనక బల్ల మీద కూకోబట్టి. కమాండర్ జీపు వెనకాల అడ్డంగా కూకుంటే మలుపు తిరిగీటప్పుడు ఒళ్లంతా మెలి తిరుగుతాది. పైగా వెనక చక్రాల నెత్తిమీద కూకున్నట్టే. ముందు సీటు అడగండి. మాస్టారంటే ఎవరూ కాదనరు. ఇంకో ముక్క. కమాన్ పట్టీల బండి ఖాళీగా ఎక్కకండి. బొలెరోకి ఇప్పటికీ వెనక పట్టీలే, బరువు మొయ్యడానికి ఏసినవి. ఆరేడుగురు ఎక్కితే పట్టీ వంగుతాది, బండి సుఖంగా పోతాది. ఒక్కడే ఎక్కితే పట్టీ వంగదు, ఆడి వెన్ను వంగుతాది.

శిష్యుడి మాటకి శాస్త్రం ఉంది. వాహనాల కంపనం మనిషి మీద ఎలా పనిచేస్తుందో కొలిచే అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, ఐఎస్ఓ 2631. కూర్చున్న మనిషిని కిందనుంచి రకరకాల వేగాలతో ఊపి చూస్తే, సెకనుకి సుమారు నాలుగు నుంచి ఎనిమిది సార్ల ఊపు దగ్గర ఒళ్లు ఎక్కువ ఇబ్బంది పడుతుందని తేలింది. అయిదు దగ్గర వెన్ను ఆ ఊపుని అణచకపోగా పెంచుతుంది కూడా. మామూలు కారు స్ప్రింగుల మీద సెకనుకి ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగుతుంది. అది ఒంటికి అలవాటైన ఊపే. స్ప్రింగు బిర్రయ్యేకొద్దీ ఆ ఊపు వెన్నుకి గిట్టని వేగానికి దగ్గరవుతుంది. ఖాళీ జీపు కుదుపూ నిండు జీపు కుదుపూ వేరుగా ఉండేది అందుకే. లెక్కల మాస్టారు ఇది ఒప్పుకోవలసిందే, కానీ అప్పుడే ఎక్కడ ఒప్పుకుంటారు!

మాస్టారు: ఇదంతా నువ్వు డ్రైవరువి కాబట్టి చెబుతున్నావు. డ్రైవర్లందరికీ నడుం నొప్పి ఉంటుంది, కాబట్టి కారే నడుం చెడగొడుతుందని నీ నమ్మకం. ఫిన్లండ్‌లో కవల అన్నదమ్ముల మీద పరిశోధన చేశారు తెలుసా? ఒకే పోలిక కవలలు, 45 జతలు. ఒకడు ఉద్యోగంలో బతుకంతా బండి నడిపినవాడు, రెండోవాడు నడపనివాడు. ఇద్దరికీ ఎమ్మారై తీసి చూస్తే డిస్కుల అరుగుదలలో తేడా లేదు. 2002లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అంటే బండి వల్ల వెన్ను అరగదు. కాబట్టి నాకు నచ్చిన బండి కొనుక్కుంటాను.

డ్రైవరు: ఆ కవలలు ఏ రోడ్డు మీద నడిపారు మాస్టారూ?

మాస్టారు: ఫిన్లండ్ రోడ్లు.

డ్రైవరు: ఈ ఘాట్‌కి ఓ జతని పంపమనండి. సరే, అరుగుదల లేదు, బాగుంది. మరి నొప్పో? దానికి ఫోటో తీశారా?

ఈ ప్రశ్నకి మాస్టారు కొంతసేపు కిటికీలోంచి చూశారు. వెన్ను అరగడం ఒకటి, నొప్పి పుట్టడం మరొకటి. ఎమ్మారైలో డిస్కు ఉబ్బి ఉన్నా హాయిగా దుంపలు తవ్వుకునేవాళ్లున్నారు, ఫోటో శుభ్రంగా ఉన్నా మంచం దిగలేనివాళ్లున్నారు. న్యాయంగా చెప్పాలంటే అవతలి సాక్ష్యమూ ఉంది. అమెరికాలో కెల్సీ, హార్డీ అనే పరిశోధకులు 1975లో ప్రచురించిన అధ్యయనంలో, ఉద్యోగ సమయంలో సగమో అంతకన్నా ఎక్కువో బండి నడిపే మగవాళ్లలో డిస్కు జారే అవకాశం సుమారు మూడు రెట్లు కనబడింది. రెండూ పేరున్న పరిశోధనలే. మాస్టారు తనకి పనికొచ్చేది గుర్తుపెట్టుకున్నారు, మనమంతా చేసేదే.

గాలికొండ దగ్గర బండి ఆగింది. ఎవరూ ఆపమనలేదు. మాస్టారు దిగడానికి ఒక కాలు బయట పెట్టి, తలుపు పట్టుకుని, ఒళ్లు మెలితిప్పి, ఒక్క మూలుగుతో లేచారు. శిష్యుడు అది చూసి తల అడ్డంగా ఊపాడు.

డ్రైవరు: అదీ తప్పు. ఎక్కడమూ దిగడమూ అడిగి తెలుసుకోవాల. ముందు సీటుకి ఒళ్లు అడ్డంగా తిప్పి కూకోండి, తరవాత రెండు కాళ్లూ కలిపి లోపలకి తిప్పండి. దిగీటప్పుడు రెండు కాళ్లూ ముందు బయటికి. తిరగడం కష్టమైతే సీటు మీద ప్లాస్టిక్ సంచి ఒకటి పరుచుకోండి, జారుతాది. కూకున్నాక తీసీయండి, లేపోతే బ్రేకు కొడితే మీరే ముందుకి జారిపోతారు.

మాస్టారు: అందుకే ఎత్తు బండి కావాలంటున్నాను. కూలబడక్కర్లేదు.

డ్రైవరు: కూలబడకూడదు, నిజమే. చిన్న కార్లలో కొన్ని బావిలోకి దిగినట్టుంటాయి. అలగని మీ ఎత్తుకి అటక లాంటి బండి ఎక్కాలంటే కాలెత్తి, పైన పట్టుకుని గుంజుకోవాల. మీ పొట్టి కాళ్లకి అదీ మెలికే. తలుపు తీసి నిలబడితే సీటు మీ పిర్రల ఎత్తుకి రావాల, స్టూలు మీద కూకున్నట్టు. వేగనార్‌లో మా అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కుతాది. నా ముందరి ఎస్‌యూవీలో ఇద్దరం ఎత్తాల.

మాస్టారు: వేగనారా! రెండు చక్రాల మధ్య దూరం ఎంత దానికి? 2435 మిల్లీమీటర్లు. నీ ఇన్నోవాకి 2750. దూరం పెరిగితే ముందూ వెనకా ఎగరడం తగ్గుతుంది. నాకు చిన్న బండి చెబుతూ నువ్వు పెద్ద బండిలో కూర్చున్నావు.

డ్రైవరు: ఇది మంచి దెబ్బే. ఒప్పుకుంటాను. ఇన్నోవా సుఖమే, అందులో సందేహం లేదు. అది పొడుగవడం వల్లా, వెనక కాయిల్ స్ప్రింగులుండడం వల్లా సుఖం. ఎత్తు వల్ల కాదు. అందులోనూ మధ్య వరసకే సుఖం. మూడో వరసలో కూకున్న టూరిస్టు గాలికొండ రాకముందే వాంతికి ఆపమంటాడు. అయినా నేను వేగనార్ కొనమన్లేదు. బండి పేరు పక్కనెట్టి సీటు చూడమంటన్నాను.

ఇక్కణ్ణించి వాదన సీటు మీదకి మళ్లింది. వినడానికి అల్పంగా ఉన్నా అసలు సరుకంతా ఇక్కడే ఉంది.

డ్రైవరు: మీరు పొట్టిగా ఉంటారు, ఏటీ అనుకోకండి. సీటు అడుగుభాగం పొడుగైతే మీ మోకాలి వెనక అంచు నొక్కుతాది. అప్పుడు మీకు తెలీకుండానే ముందుకి జరుగుతారు. జరిగితే నడుం వెనక ఖాళీ. ఆ ఖాళీయే నొప్పి. మోకాలికీ సీటు అంచుకీ మధ్య రెండు మూడు వేళ్లు దూరాల. వీపు పూర్తిగా ఆనిన తరవాత సుమా.

మాస్టారు: నిటారుగా కూర్చుంటాను, అయిపోయె. తొంభై డిగ్రీలు.

డ్రైవరు: నిటారుగా కూకుంటే గంటలో పడిపోతారు.

మాస్టారు: సరే, ఇది నేను చదివిందే. స్వీడన్‌లో నాకెమ్‌సన్ అనే డాక్టరు 1960లలో మనుషుల డిస్కులోకి సూది పంపి ఒత్తిడి కొలిచాడు. నిలబడినప్పటికంటే ఆనుడు లేకుండా కూర్చుంటే ఒత్తిడి ఎక్కువన్నాడు. తరవాత అక్కడివాడే ఆండర్సన్, వీపు కాస్త వెనక్కి వాల్చి, నడుం ఒంపులో ఆసరా పెడితే తగ్గుతుందని చూపించాడు. నూరు, నూటపది డిగ్రీలు. కానీ 1999లో జర్మనీలో విల్కే బృందం మళ్లీ కొలిస్తే, ఆనుకుని సడలి కూర్చున్నప్పుడు నిలబడినదానికంటే ఏమంత ఎక్కువ లేదు. అయితే వాళ్లు కొలిచింది ఒక్క మనిషిలో.

డ్రైవరు: అందరు చెప్పిందాంట్లోనూ వెనక్కి ఆనుకోమనే కదా ఉంది? ఆనుకోండి మరి. ఆనుకుంటే ఇంకో చిక్కు. స్టీరింగు అందదు. చేతులు చాపితే భుజం సీటుని వదిలీస్తాది. భుజం ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగు నెత్తిమీద పడాల. పడకపోతే ఆ బండి మీది కాదు. కొన్నిట్లో స్టీరింగు పైకీ కిందకీ కదుల్తాది గానీ మనవైపుకి రాదు. వచ్చీ రకం పై వేరియంట్లలో ఇస్తారు.

మాస్టారు: అందుకే టాప్ మోడల్ తీసుకుంటాను.

డ్రైవరు: అక్కడే మోసపోతారు. టాప్ మోడల్‌లో సీటు బాగుంటాది, నడుం ఆసరా ఉంటాది, స్టీరింగు మనవైపు వస్తాది. దాంతోపాటు పెద్ద అల్లాయ్ చక్రం బిగిస్తారు. చక్రం పెద్దదైతే రబ్బరు సన్నబడుతుంది. గోతికీ మీకూ మధ్య మొదట ఉండీ దిండు రబ్బరే కదా.

మాస్టారు: ఆగు, ఇది లెక్క. టైరు మీద 195/65 అని ఉంటే, వెడల్పు 195 మిల్లీమీటర్లు, పక్క ఎత్తు అందులో 65 శాతం, అంటే 127. అదే 205/50 అయితే 102, మహా అయితే 103. అంగుళం దిండు పోయింది! ఇది నాకు తట్టలేదే.

డ్రైవరు: మీరు చెప్పిన శాతాలే మాస్టారూ.

మాస్టారు: నోరు ముయ్. మరి సీటు కోసం పై వేరియంటా, టైరు కోసం కింది వేరియంటా?

డ్రైవరు: సీటు మార్చలేం, టైరు మార్చగలం. పై వేరియంట్ కొని, అదే మోడల్ కింది వేరియంట్‌కి కంపెనీ ఇచ్చీ చక్రాలు పడతాయేమో బ్రేకు సైజు చూసి అడగండి. డబ్బు చాలదంటే కింది వేరియంట్ కొని నడుం దగ్గర తువ్వాలు చుట్టి పెట్టుకోండి. మధ్య రకం వద్దు. దాంట్లో సన్‌రూఫ్ ఉంటాది, నడుం ఆసరా ఉండదు.

సన్‌రూఫ్ మీద నాకు ప్రత్యేకంగా కోపం లేదు, టైడ అడవిలోంచి వెళ్తూ పైకి చూడ్డం బాగానే ఉంటుంది. కానీ స్వీడన్ వోల్వో కంపెనీ 1960ల్లోనే సీటులో నడుం దగ్గర సర్దుకునే ఆసరా పెట్టిందని తెలిసినప్పుడు, అరవై ఏళ్ల తరవాత కూడా మన మధ్యతరగతి కార్లు చాలావాటిలో అది ఎందుకు లేదని అడగబుద్ధవుతుంది. కొనేవాళ్లం అడగడం లేదు. తెర ఎన్ని అంగుళాలని అడుగుతున్నాం.

మాస్టారు: తువ్వాలెందుకు, నాకు బెల్టుంది. ఇదిగో, కట్టుకునే కూర్చున్నాను.

డ్రైవరు: అది కట్టుకుంటే నొప్పి తగ్గిందా?

మాస్టారు: కట్టుకుంటే ధైర్యంగా ఉంటుంది.

బెల్టు సంగతి నేను చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలపు నడుం నొప్పి మీద మార్గదర్శకాలు విడుదల చేసింది. మామూలుగా వాడవద్దని చెప్పిన చికిత్సల్లో నడుం బెల్టులు, పట్టీలు, ట్రాక్షన్ ఉన్నాయి. చెయ్యమన్నవాటిలో వ్యాయామం, నొప్పి గురించి రోగికి అర్థమయ్యేలా చెప్పడం ముఖ్యం. 2020లో ప్రపంచంలో దాదాపు 62 కోట్ల మందికి నడుం నొప్పి ఉందని కూడా ఆ సంస్థే చెప్పింది. తువ్వాలు వైద్యం కాదు, సీటు లోపాన్ని పూడ్చే పనిముట్టు. ప్యాంటు బెల్టు లైనుకి కాస్త పైన, ముంజేయి లావున చాలు. మందపాటి దిండ్లు పెడితే మనిషి ముందుకొచ్చి సీటు బెల్టు వదులైపోతుంది. పక్క ఎయిర్‌బ్యాగ్ ఉన్న సీటుకి మూసేసే కవరు తొడిగితే అది విచ్చుకునే దారి పోతుంది.

మళ్లీ బయల్దేరాం. అనంతగిరి దాటాక మలుపులు బిగిశాయి.

డ్రైవరు: మీది ఎడమ కాలేనా గుంజీది?

మాస్టారు: అవును.

డ్రైవరు: క్లచ్చు ఏ కాలు?

మాస్టారు: ...ఆటోమేటిక్ అంటావా? ఆటోమేటిక్ ఘాట్‌లో పనికిరాదు. దిగేటప్పుడు బ్రేకులు కాలిపోతాయి. ఎంతోమంది చెప్పారు.

డ్రైవరు: బ్రేకు మీంచి కాలు తియ్యనోడికి ఏ బండైనా కాలిపోతాది. టైడ దగ్గర వాసన రాని ఆదివారం ఉండదు, అందులో సగం గేరు బండ్లే. లివరు పక్కకి లాగి రెండో గేరులో ఉంచాల, లేపోతే 'ఎల్'లో ఎయ్యాల. ఇంజనే పట్టుకుంటాది. ఈ కొండలో క్లచ్చు తొక్కినప్పుడల్లా ఒక పిర్ర పైకి లేస్తాది. ఒక పిర్ర మీద కూకుని గంటన్నర దిగితే కాలిలోకి రాదా? షేరు జీపు తోలినన్నాళ్లు నాకూ ఎడమ కాలే. ఆటోమేటిక్‌లోనూ చవక రకం ఏఎంటీ ఉంది. గేరు మారినప్పుడల్లా తల ముందుకి ఊపుతాది. నడిపి చూసుకుని తీసుకోండి.

మాస్టారు: కరెంటు కారైతే?

డ్రైవరు: క్లచ్చు లేదు, ఇంజను వణుకు లేదు, కాలు తీస్తే దానంతటదే వేగం తగ్గుతాది. ఘాట్ దిగడానికి దానంత సుఖం లేదు. బ్యాటరీ బరువుకి స్ప్రింగులు బిర్రుగా ఏస్తారు, అది చూసుకోవాల. చార్జింగుకి మీ ఇంటి దగ్గర కరెంటు ఎలగుంటాదో మీకే తెలుసు.

మాస్టారు: తెలుసు. వద్దులే.

డ్రైవరు: మాస్టారూ, అసలు విశాఖ రావడానికి కారెందుకు? నెలకోసారి డాక్టరుకే కదా. కిరండూల్ ప్యాసింజరు ఎక్కండి. ఆలస్యమైతే అయ్యింది, నిలబడొచ్చు, నడవొచ్చు, తలుపు దగ్గర గాలి పీల్చొచ్చు. నేను రోడ్డు మీద బతికీవోణ్ణి, నాకే ఈ మాట చెప్పడం నష్టం.

మాస్టారు: అద్దాల బోగీలో నా చేత టికెట్టు కొనిపిస్తావా?

డ్రైవరు: అది టూరిస్టులకి. మీకు మామూలు బోగీ చాలు. కూకోడం తగ్గాల, అంతే.

మాస్టారు సీటులో సర్దుకుని కొత్త వైపు నుంచి వచ్చారు.

మాస్టారు: ఒక మాట చెప్పనా? ఈ వాదనంతా కారు కొనగలిగినవాళ్ల వాదన. మా స్కూలు పిల్లల తల్లులు కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని కొండ దిగుతారు. తండ్రులు కావిడి మోస్తారు. కాఫీ పండు కోతలకి వంగినవాళ్లు సాయంత్రం దాకా లేవరు. వాళ్ల నడుముకి ఏ వేరియంటు? జబ్బు చేస్తే ఇప్పటికీ కొన్ని ఊళ్ల నుంచి డోలీ కట్టి రోడ్డు దాకా మోస్తున్నారు.

డ్రైవరు: అందుకని మీరు మోటారు సైకిలు మీదే చస్తారా?

మాస్టారు: అలా అనలేదు.

డ్రైవరు: డోలీ దిగినోళ్లని రోడ్డు మీద ఎక్కించుకునీది మాలాంటోళ్లమే. అప్పుడు సీటు సంగతి తెలిసుండాల. నడుం పట్టీసినోణ్ణి జీపు వెనక పొడుగ్గా పడుకోబెడతారు, కుదుపుకి ఆడి ప్రాణం పోతాది. నేనైతే ముందు సీటు వెనక్కి వాల్చి, మోకాళ్ల కింద దుప్పటి చుట్టి పెడతాను. దెబ్బ తగిలి పడినోడైతే అలగ కాదు, ఆణ్ణి కదపకుండా 108కి చెప్పాల. అడవితల్లి బాట అని రోడ్లేస్తన్నారు కదా, మీ డుంబ్రిగూడ మండలం పెదపాడులోనే 2025లో మొదలెట్టారు. ఆ రోడ్డొచ్చిన ఊళ్లకి బండొస్తాది. బండొచ్చాక ఆళ్లకీ ఈ ప్రశ్నే వస్తాది, ఎలగ కూకోవాలని.

మాస్టారు దీనికి బదులు చెప్పలేదు. నాకు మాత్రం ఈ ఒక్కచోట శిష్యుడే గెలిచాడనిపించింది. పేదవాడి నడుం గుర్తుచేసి తన నడుం సంగతి దాటవేయడం చదువుకున్నవాళ్లకి అలవాటు. మొయ్యడం వల్ల వచ్చిన నొప్పినీ కూర్చోవడం వల్ల వచ్చిన నొప్పినీ పోటీకి పెడితే ఇద్దరికీ ఒరిగేది లేదు. ఇంకొకటి, కారు ఎంపికకి సంబంధం లేనిది, కానీ కొండ ప్రాంతంలో చెప్పకుండా ఉండలేనిది. నడుం నొప్పితోపాటు మూత్రం ఆగిపోయినా, తెలియకుండా అయిపోతున్నా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాలు పాదం బలం తప్పినా అది సీటుతో తీరేది కాదు. ఆ రోజే పెద్దాసుపత్రికి చేరాలి. విశాఖ కేజీహెచ్‌కి ఈ కొండల నుంచి వెళ్లేవాళ్లు ఈ లక్షణాలతో రెండు మూడు రోజులు నాటు వైద్యం చేయించుకుని వెళ్తే నరం తిరిగి రాకపోవచ్చు.

టైడ దగ్గర శిష్యుడు మళ్లీ ఆపాడు.

మాస్టారు: ఇప్పుడే కదరా ఆగాం.

డ్రైవరు: అరగంట దాటింది. దిగండి, నాలుగడుగులు వెయ్యండి. వెనక జేబులో పర్సు కూడా ఇలగివ్వండి. ఒక పిర్ర కింద ఇటుక పెట్టుకుని కూకున్నట్టుంది.

మాస్టారు: ఈ లెక్కన విశాఖ చేరేసరికి షోరూము మూసేస్తారు.

డ్రైవరు: మూస్తే రేపెళ్దాం. బుకింగ్ డబ్బు ఇయ్యాల కట్టొద్దు మాస్టారూ. అదీ నా మాట.

మాస్టారు: కారు నడిపి చూస్తానులే. టెస్ట్ డ్రైవ్ ఇస్తారు.

డ్రైవరు: బీచి రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి ఇచ్చీస్తారు. ఆ రోడ్డు మీద ఎడ్లబండి కూడా సుఖంగానే ఉంటాది. ఏ మోడల్ కొందామనుకుంటున్నారో అదే వేరియంటు, అవే చక్రాలు, ఒక రోజుకి అద్దెకి తీసుకుందాం. విశాఖలో సెల్ఫ్ డ్రైవ్ ఇస్తారు. మీరే నడుపుకుంటూ కొండెక్కండి, నేను పక్కన కూకుంటాను. మర్నాడు పొద్దున్న మంచం దిగినప్పుడు మీ నడుం చెప్తాది.

మాస్టారు: అద్దె ఎవడిస్తాడు?

డ్రైవరు: పది పదిహేను లక్షలు పెట్టీవోళ్లకి ఒక రోజు అద్దె బరువా? అదీ వద్దంటే ఇంకో పని చెయ్యండి. షోరూములో బండి కదపనే వద్దు. పేపరు ఒకటి పట్టుకెళ్లి డ్రైవరు సీట్లో ముప్పావు గంట కూకోండి. తలుపేసుకుని, బెల్టెట్టుకుని, స్టీరింగు పట్టుకుని. అయిదు నిమిషాల్లో అన్ని సీట్లూ బాగుంటాయి. పేపరు అయిపోయీసరికి చెడ్డది చెడ్డదని తెలిసిపోద్ది.

మాస్టారు: సేల్స్ కుర్రాడు ఏమనుకుంటాడురా?

డ్రైవరు: ఏటనుకుంటాడు, కాఫీ తెస్తాడు. అరకు కాఫీయేనా అని అడగండి, ఆడే కంగారు పడతాడు.

మాస్టారు: ముప్పావు గంట చదవడానికి పేపరు చాలదు. పదో తరగతి పేపర్ల కట్ట ఇంట్లో మర్చిపోయాను, అది తెచ్చుకుంటే దిద్దుకునేవాణ్ణి.

డ్రైవరు: స్టీరింగు మీద పెట్టుకుని దిద్దుతారా? అలగైతే మీరు వెనక సీటు చూసుకోవాల మాస్టారూ, అది వేరే లెక్క.